“ఖాళీగానే ఉందిలే” అంటే నమ్మకండి

(తుపాకీ షూటింగ్ నేర్చుకోవడానికి వచ్చిన కొత్తవాళ్లకూ వాళ్ల కుటుంబసభ్యులకూ మొదటి రోజు తరగతిలో ఒక శిక్షకుడు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు చాలానే ఉన్నాయి. ఒక మాట ముందే చెప్పేస్తాను, తర్వాత మొహాలు మాడ్చుకోవద్దు. ఈరోజు మీలో ఎవరూ కాల్చరు. (నవ్వులు) అసలు తూటా అన్నదే ఈ గదిలోకి రాదు.

టేబుల్ మీద మూడున్నాయి. ఒక పిస్టల్, ఒక రివాల్వర్, ఒక బోల్ట్ రైఫిల్. మూడూ తెరిచే పెట్టాను. పిస్టల్లోంచీ రైఫిల్లోంచీ నారింజ రంగు ప్లాస్టిక్ తీగ బయటికి కనిపిస్తోంది చూశారా, దాన్ని సేఫ్టీ ఫ్లాగ్ అంటారు. అంతర్జాతీయ పోటీల్లో కూడా ఇది తప్పనిసరి. చాంబర్లో, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే గదిలో, తూటా ఉంటే ఆ తీగ లోపలికి పోదు. అందుకని అల్లంత దూరం నుంచి చూసినా ఆ తుపాకీ ఖాళీ అని అర్థమైపోతుంది. “ఫ్లాగ్ ఉంది కదా, ఇంక తీసి చూడడం దేనికి” అని ఎవరికైనా ఇప్పుడే అనిపించిందా? అనిపిస్తే ఈ గంటంతా మీ కోసమే.

పేపర్లో అప్పుడప్పుడూ ఒక వార్త వస్తుంటుంది. తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి ఫలానా వ్యక్తి మృతి. చదివేసి, అయ్యో పాపం అనుకుని పేజీ తిప్పేస్తాం. కానీ కాస్త ఆగి ఆలోచించండి. శుభ్రం చేయాలంటే విప్పాలి. విప్పాలంటే ముందు ఖాళీ చేయాలి. మరి ఖాళీ చేసిన తుపాకీ ఎలా పేలింది? ఆ మనిషి ఖాళీ చేశాననుకున్నాడు. అదెలా జరుగుతుందో చూపిస్తాను, ముందు వరసవాళ్లు బాగా గమనించండి.

ఇవి ఎర్ర ప్లాస్టిక్ డమ్మీలు. వీటిలో పేలుడు మందు లేదు, దాన్ని అంటించే ప్రైమర్ లేదు. నాలుగు మ్యాగజైన్‌లో, అంటే పిడిలోకి దూరే ఈ తూటాల పెట్టెలో, పెట్టాను. మ్యాగజైన్ లోపలికి తోశాను. స్లైడ్, అంటే పైన జారే ఈ ఇనుప భాగం, వెనక్కి లాగి వదిలాను. ఇప్పుడు ఒకటి చాంబర్లోకి ఎక్కింది, మూడు మ్యాగజైన్‌లో ఉన్నాయి. దీన్ని ఖాళీ చేయాలి. కంగారులో ఉన్న మనిషి ఏం చేస్తాడంటే ముందు స్లైడ్ లాగుతాడు. చూడండి, ఒక డమ్మీ ఎగిరి కింద పడింది. “హమ్మయ్య, లోపలున్నది వచ్చేసింది” అనుకుంటాడు. తర్వాత మ్యాగజైన్ తీసేస్తాడు. చేతిలో మ్యాగజైన్ ఉంది, నేల మీద తూటా ఉంది. చూసే ఎవరికైనా ఇది ఖాళీ తుపాకీయే. ఇప్పుడు స్లైడ్ మళ్లీ లాగుతాను.

(ఇంకో డమ్మీ కింద పడిన శబ్దం. శ్రోతల్లో కలకలం.)

అదీ సంగతి. మొదటిసారి స్లైడ్ లాగినప్పుడు ఒకటి బయటికి పోయింది, స్లైడ్ ముందుకెళ్తూ మ్యాగజైన్‌లో పైనున్న ఇంకోదాన్ని చాంబర్లోకి తోసుకుపోయింది. చేసిన పనులు రెండూ సరైనవే. వరస తిరగబడింది, అంతే. పైగా కొన్ని పిస్టళ్లను విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి, వాటి తయారీయే అలాంటిది. ఇప్పుడు ఆ పేపర్ వార్త మళ్లీ గుర్తు తెచ్చుకోండి.

కాబట్టి మ్యాగజైన్ ముందు, స్లైడ్ తర్వాత. మూతి సురక్షితమైన దిక్కుకు పెట్టి, వేలు బయట ఉంచి, మ్యాగజైన్ తీసి పక్కన పెట్టాలి. అప్పుడు స్లైడ్ పూర్తిగా వెనక్కి లాగి, అక్కడే ఆపి, లోపలికి చూడాలి. ఏదో కళ్లు అటు తిప్పామంటే తిప్పాం అన్నట్టు కాదు. చాంబర్ గుండ్రని నోరు కనిపించాలి, మ్యాగజైన్ ఉండే చోటునుంచి కింది వెలుతురు కనిపించాలి. ఒకసారి చూపు తిప్పుకుని మళ్లీ చూడాలి. ఎందుకంటే మన కళ్లు మనం చూడాలనుకున్నదే చూపిస్తాయి. చీకట్లో అయితే చిటికెన వేలు పెట్టి తడిమి చూడాలి. రివాల్వర్‌కు సిలిండర్ పక్కకు తీసి, రాడ్ నొక్కి, అన్ని గదులూ చూడాలి. బోల్ట్ రైఫిల్‌కు బోల్ట్ వెనక్కి లాగి చాంబర్లోకి చూడాలి, లోపల మ్యాగజైన్ ఉంటే అదీ చూడాలి. “మ్యాగజైన్ తీసేస్తే ఇంక పేలదు” అని కొందరు గట్టిగా నమ్ముతారు. కొన్ని మోడళ్లలో నిజంగానే పేలదు, చాలావాటిలో నిక్షేపంగా పేలుతుంది. మీ చేతిలో ఉన్నది ఏ రకమో ఆ క్షణంలో గుర్తు తెచ్చుకోవడం మీద ప్రాణాలు ఆధారపడకూడదు.

ప్రపంచంలో చాలాచోట్ల తుపాకీ శిక్షణలో నాలుగు సూత్రాలు చెబుతారు. వాటిని ఈ రూపంలో బాగా ప్రచారంలోకి తెచ్చినవాడు జెఫ్ కూపర్. అమెరికా మెరైన్ దళంలో అధికారిగా పనిచేసి, 1976లో అరిజోనాలో పిస్టల్ శిక్షణ పాఠశాల పెట్టాడు. మొదటిది, ప్రతి తుపాకీలోనూ ఎప్పుడూ తూటా ఉన్నట్టే. రెండోది, నాశనం కావడానికి మీరు సిద్ధపడని దేనివైపూ మూతి తిప్పకండి. మూడోది, గురి లక్ష్యం మీద కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. నాలుగోది, లక్ష్యం ఏమిటో, దాని వెనక ఏముందో తెలిసి ఉండాలి.

ఈ నాలుగింటి గొప్పతనం ఏమిటంటే, ఒకటి తప్పినా మిగతావి కాపాడతాయి. లోపల తూటా ఉన్న సంగతి మరిచారు, వేలు కూడా పొరపాటున తగిలింది అనుకుందాం. మూతి నేలవైపు ఉంటే నేలకు చిల్లు పడుతుంది, మీకు ఒళ్లు చల్లబడుతుంది, ఎవరూ పోరు. మనిషి పోయాడంటే సాధారణంగా ఒకే చోట రెండు మూడు తప్పులు కలిసి జరిగి ఉంటాయి.

శ్రోతల్లోంచి ప్రశ్న: సార్, సేఫ్టీ వేసి ఉంచితే ఇవన్నీ అక్కర్లేదు కదా?

మంచి ప్రశ్న, ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. సేఫ్టీ ఒక చిన్న ఇనుప ముక్క, బాబూ. అరుగుతుంది, మురికి పడుతుంది, ఒక కంపెనీ తుపాకీలో పైకి ఉంటే ఆన్, ఇంకోదానిలో కిందికి ఉంటే ఆన్. కొన్ని పిస్టళ్లకు అసలు బయటికి కనిపించే సేఫ్టీ మీటే ఉండదు. వేయాలి, తప్పకుండా వేయాలి. వేశాక కూడా వేయనట్టే పట్టుకోవాలి.

ఇప్పుడు వేలి సంగతి. మీరందరూ కుడిచేత్తో నాలాగా పిస్టల్ పట్టుకున్నట్టు పెట్టండి. ఎడమ చెయ్యివాటం వాళ్లు ఎడమ చేత్తో. చూడండి, దాదాపు అందరి చూపుడు వేలూ లోపలికి వంగిపోయింది. ఎవరూ చెప్పలేదు, దానంతటదే పోయింది. చేతి నిర్మాణమే అంత, తుపాకీని కూడా ఆ వేలు అక్కడికే పోయేలా చేశారు. అందుకే దానికి ఒక చోటు చూపించాలి. ట్రిగ్గర్ గార్డ్‌కు పైన, ఫ్రేమ్ పక్కన, నిటారుగా, కాస్త అదిమిపెట్టి. గాల్లో వదిలేస్తే మళ్లీ లోపలికే జారుతుంది.

“నేను నొక్కనులే, ఊరికే ఆనించి ఉంచుతా” అంటారు కొందరు. నొక్కేది మీరు కాదు, మీ నరాలు. కాలు జారిందనుకోండి, ఒక చేత్తో రెయిలింగ్ గట్టిగా పట్టుకుంటారు. ఆ క్షణంలో రెండో చెయ్యి కూడా బిగుసుకుంటుంది. వెనక నుంచి ఎవరైనా గట్టిగా అరిచినా అంతే. శిక్షణ పొందిన పోలీసుల చేతుల్లో కూడా ఇలాగే పేలిన సందర్భాలున్నాయి. ఇక్కడ మీరు నేర్చుకోబోయే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ బరువు నిబంధనల ప్రకారం కనీసం 500 గ్రాములు. అర కిలో. ఉలిక్కిపడ్డ వేలికి అదొక లెక్క కాదు. ఎయిర్ పిస్టల్ అంటే బొమ్మ అనుకునేవాళ్లకు కూడా చెబుతున్నాను, అందులోంచి వచ్చే చిన్న సీసపు పెల్లెట్ కన్ను పోగొడుతుంది.

దీనికి సంబంధించినదే ఇంకొకటి. చేతిలోంచి తుపాకీ జారితే పట్టుకోబోకండి. పడనివ్వండి. ఇప్పటి తుపాకులు చాలావరకు కింద పడితే పేలకుండా తయారవుతున్నాయి. గాల్లో ఉన్నదాన్ని అందుకోబోతే మాత్రం మీ వేలు నేరుగా ట్రిగ్గర్‌కే తగులుతుంది. ఇది చెప్పినంత తేలిక కాదు, ఏది జారినా పట్టుకోవడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. పిస్టల్ తిరిగి హోల్‌స్టర్‌లో, అంటే దాని ఒరలో, పెట్టేటప్పుడు కూడా నిదానం. చొక్కా అంచో, జాకెట్ తాడో ట్రిగ్గర్ గార్డ్‌లో ఇరుక్కుంటే వేలు చేసే పనే అదీ చేస్తుంది.

మూతి విషయంలో నేను రేంజ్‌లో, అంటే కాల్చడం నేర్పే చోట, రోజూ చూసే తప్పు మీరు ఊహించేది కాదు. ఎవరూ కావాలని పక్కవాడికి గురిపెట్టరు. జరిగేది ఇదీ. కొత్తమ్మాయో అబ్బాయో మొదటిసారి కాలుస్తారు. నల్ల వలయంలో తగులుతుంది. ఆనందం పట్టలేక “సార్, చూశారా!” అని వెనక్కి తిరుగుతారు. తల తిరుగుతుంది, భుజాలు తిరుగుతాయి, వాటితోపాటు చేతిలోని పిస్టల్ కూడా వరసలో ఉన్న అందరి పొట్టల మీదుగా తిరుగుతుంది. మొహం మీద నవ్వు మాత్రం అలాగే ఉంటుంది. (నవ్వులు) నవ్వండి గానీ గుర్తుపెట్టుకోండి. మాట్లాడాలంటే తల ఒక్కటే తిప్పండి. ఇంకా చెప్పాలని ఉంటే తుపాకీ బల్ల మీద పెట్టి అప్పుడు తిరగండి.

రెండో తప్పు ఖాళీ ఇత్తడి తొడుగు వల్ల వస్తుంది. పిస్టల్ పేలిన ప్రతిసారీ వేడి తొడుగు పక్కకు ఎగిరిపడుతుంది. అది కాలర్లోంచి చొక్కాలోకి పోయిందంటే మనిషి గంతులేస్తాడు, చేతిలో తుపాకీతో సహా. అందుకే మెడ దాకా మూసుకునే బట్టలు, టోపీ వేసుకు రమ్మంటాం. పడితే పడింది, కాస్త చురుక్కుమంటుంది. పళ్లు బిగించి ముందు తుపాకీ కింద పెట్టండి. ఫోటోల పిచ్చి గురించి నేను వేరే చెప్పను. తుపాకీ చేతిలో ఉండగా ఫోన్ బయటికి తీస్తే ఆరోజుకి ఇంటికి పంపించేస్తాం.

నాలుగో సూత్రం ఇక్కడి వరకూ మా బాధ్యత, వెనక మట్టి గట్టు ఉంది. బయట మాత్రం లెక్క వేరు. అన్నిటికన్నా చిన్నదనుకునే పాయింట్ 22 తూటా కూడా సరైన కోణంలో కాలిస్తే ఒకటిన్నర కిలోమీటర్లు దాటి పోగలదు. పెద్ద రైఫిల్ బుల్లెట్లు నాలుగు కిలోమీటర్లు దాటుతాయి. నీటి మీద, బండ మీద వాలుగా తగిలితే దారి మార్చుకుని ఇంకెటో పోతుంది. సంబరాల్లో గాల్లోకి కాల్చే అలవాటు చాలా దేశాల్లో ఉంది. పైకి పోయినది కిందికి రావాలి కదా. 1999లో అరిజోనాలోని ఫీనిక్స్‌లో ఇలా ఎక్కడో కాల్చిన బుల్లెట్ తగిలి పద్నాలుగేళ్ల అమ్మాయి తన ఇంటి పెరట్లోనే చనిపోయింది. మరుసటి ఏడాదే ఆ రాష్ట్రం చట్టం కఠినం చేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అనుకోండి.

శ్రోతల్లోంచి ప్రశ్న: సినిమాల్లో ఒకరి మీద ఒకరు గురిపెట్టుకుంటారు కదండీ, అవి నకిలీవా?

ఎక్కువగా నకిలీవే. కొన్నిసార్లు అసలువి వాడతారు, బ్లాంక్‌లతో. బ్లాంక్ అంటే మందు ఉంటుంది, ముందు బుల్లెట్ ఉండదు. 1984లో జాన్ ఎరిక్ హెక్సమ్ అనే అమెరికన్ నటుడు సెట్‌లో పరాచికంగా ప్రవర్తించి బ్లాంక్ దెబ్బకే ప్రాణం పోగొట్టుకున్నాడు. మూతి దగ్గర ఆ వాయువుల తాకిడి ఒక్కటే చాలు.

1993లో ఇంకో నటుడు బ్రాండన్ లీ సినిమా సెట్‌లో చనిపోయిన తీరు ప్రతి షూటర్ తెలుసుకోవాల్సింది. దగ్గరి షాట్ కోసం రివాల్వర్‌లో డమ్మీ తూటాలు పెట్టారు. అసలు తూటాల్లోంచి మందు తీసేసి బుల్లెట్ తిరిగి బిగించినవి. ప్రైమర్ మాత్రం ఒకదానిలో మిగిలిపోయింది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఆ ప్రైమర్ చిన్నగా పేలి బుల్లెట్‌ను గొట్టంలోకి తోసింది. బయటికి పోయేంత బలం లేక అది మధ్యలో ఇరుక్కుంది. ఎవరూ గొట్టంలోకి చూడలేదు. తర్వాత ఇంకో సన్నివేశానికి అదే రివాల్వర్‌లో బ్లాంక్ పెట్టి కాల్చారు. బ్లాంక్ మందు ఆ ఇరుక్కున్న బుల్లెట్‌ను బయటికి నెట్టింది. అతనికి అప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు.

2021 అక్టోబర్ 21న అమెరికాలోని న్యూ మెక్సికోలో ఒక సినిమా సెట్‌లో జరిగింది ఇంకా సూటిగా మన మొదటి సూత్రానికే తగులుతుంది. రిహార్సల్‌లో నటుడి చేతికి రివాల్వర్ వచ్చింది. అందులో తూటా లేదని అక్కడ చెప్పారు. లోపల అసలు తూటా ఉంది. కెమెరా దగ్గరున్న ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ చనిపోయింది. అదే బుల్లెట్ ఆమెలోంచి దూసుకుపోయి దర్శకుడి భుజానికి తగిలింది. ఆయుధాల బాధ్యత చూసిన మహిళకు 2024లో పద్దెనిమిది నెలల జైలుశిక్ష పడింది. చేతులు మారిన ప్రతిచోటా ఎవరో ఒకరు తెరిచి, ఒక్కొక్క తూటా తీసి చూసి ఉంటే ఆమె బతికేది.

కాబట్టి మన దగ్గర పద్ధతి ఇదీ. తుపాకీ ఇచ్చేవాళ్లు తెరిచి, చూసి, తెరిచే ఇస్తారు. పుచ్చుకునేవాళ్లు కళ్లెదుటే అదంతా చూసినా మళ్లీ తామే చూసుకుంటారు. “నా మీద నమ్మకం లేదా” అని ఇక్కడ ఎవరూ నొచ్చుకోరు. నేనిచ్చినా చూడండి. నిన్న మీరే లాక్ చేసి పెట్టిన తుపాకీ అయినా ఈరోజు తీయగానే చూడండి. ఖాళీ అన్నది కంటితో చూసినప్పటి సంగతి. పక్కన పెట్టి వేరే పనిలో పడ్డాక అది ఒట్టి జ్ఞాపకమే.

బ్రాండన్ లీ గొట్టంలో జరిగినది మీ రేంజ్‌లోనూ జరగవచ్చు. ట్రిగ్గర్ నొక్కితే ఢామ్ అనకుండా టప్ అని చప్పగా వినిపించి, చేతికి తోపు తక్కువగా తెలిసిందంటే అక్కడికక్కడే ఆపేయండి. మందు తక్కువ పడి బుల్లెట్ గొట్టంలోనే ఉండిపోయి ఉండవచ్చు. దాని వెనక ఇంకోటి కాలిస్తే గొట్టం పగులుతుంది. అసలే శబ్దం లేకుండా క్లిక్ అని మాత్రమే వినిపిస్తే మూతి గట్టువైపే ఉంచి కనీసం ముప్ఫై సెకన్లు కదలకండి. ప్రైమర్ ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంది. చెయ్యెత్తండి, మేమొస్తాం. షాట్‌గన్ వాడేవాళ్లు 12 బోర్, 20 బోర్ తూటాలు ఒకే జేబులో వేసుకోకండి. 20 తూటా సన్నగా ఉంటుంది, 12 గొట్టంలో చాంబర్ దాటి లోపలికి జారి నిలబడుతుంది. లోడ్ చేయలేదనుకుని దాని వెనక 12 పెడతారు. ఆ తర్వాత సంగతి మీకు తెలుసు. 20 తూటాలను పసుపు రంగులో చేయడానికి కారణం ఇదే.

చెవులు, కళ్లు గురించి రెండు ముక్కలు. దాదాపు ఏ తుపాకీ మోతైనా 140 డెసిబెల్స్ దాటుతుంది. ఒక్క దెబ్బకే వినికిడి పోవచ్చు, పోయింది తిరిగి రాదు. ఫోమ్ ప్లగ్ సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి వెనక్కి లాగి, లోపలికి పెట్టి ఉబ్బేదాకా పట్టుకోండి. సగం బయట వేలాడుతుంటే పెట్టనట్టే. లోపలి రేంజ్ అయితే పైన చెవులు మొత్తం కప్పే మఫ్ కూడా. కళ్లద్దాలు ఎటూ తప్పవు. కాల్చిన తర్వాత సబ్బుతో చేతులు కడగకుండా ఏమీ నోట్లో పెట్టుకోకండి, చేతుల మీద సీసం పొడి ఉంటుంది. ఆ బట్టలతోనే ఇంటికి పోయి పసిపిల్లల్ని ఎత్తుకోకండి.

శ్రోతల్లోంచి ఒక తల్లి: మా ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉందండీ. పిల్లలకు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాం. సరిపోతుందా?

సరిపోదమ్మా. చెప్పడం మంచిదే, కానీ దాని మీద ఆధారపడకండి. 2001లో పిల్లల వైద్యులు చదివే పీడియాట్రిక్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల అబ్బాయిల్ని చిన్న గుంపులుగా ఒక గదిలో కూర్చోబెట్టారు. డ్రాయర్లో అసలు పిస్టల్ ఉంది, పేలకుండా చేసినది. డ్రాయర్ తెరిచిన గుంపుల్లో ఎక్కువ వాటిలో పిల్లలు దాన్ని చేతిలోకి తీసుకున్నారు, కొందరు ట్రిగ్గర్ కూడా నొక్కారు. వాళ్లలో చాలామందికి తుపాకీ జాగ్రత్తలు ముందే చెప్పి ఉన్నారు. చాలామందికి అది నిజమైనదో బొమ్మో తేల్చుకోవడం కూడా కుదరలేదు. ఇంకా చిన్నవాళ్లకైతే చూపుడు వేలికి బలం చాలదు. తుపాకీని తిప్పి రెండు బొటనవేళ్లతో నొక్కుతారు. అప్పుడు మూతి ఎటుంటుందో ఆలోచించండి.

అల్మారా పైన, పరుపు కింద, బట్టల మడతల్లో దాచడం దాచడమే కాదు. ఇంట్లో ఏది ఎక్కడుందో పిల్లలకే ముందు తెలుస్తుంది. తుపాకీ ఖాళీ చేసి తాళంలో పెట్టాలి. తూటాలు వేరే చోట, వేరే తాళంలో. తాళంచెవి గూట్లో కొక్కేనికి వేలాడకూడదు, నంబర్ తాళమైతే పిల్లాడి పుట్టినరోజు పెట్టకూడదు. (నవ్వులు)

ఇంకొక మాట, ఇది పెద్దల గురించి. ఇంట్లో ఎవరైనా బాగా కుంగిపోయి ఉన్నా, తాగుడు ఎక్కువైనా, బతకాలని లేదన్నట్టు మాట్లాడుతున్నా, తుపాకీ ఆ ఇంట్లో ఉండకూడదు. మీ చోట చట్టం ఒప్పుకునే పద్ధతిలో కొన్నాళ్లు వేరే చోట భద్రపరచండి. ఆ మనిషితో మాట్లాడండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. అలాంటి గడ్డు ఘడియ చాలామందికి వచ్చి పోతుంది. అది దాటినవాళ్లలో అత్యధికులు తర్వాత బతికి బాగానే ఉంటారు. ఇది పరువు తక్కువ సంగతి కాదు, కారు తాళాలు తాగినవాడి చేతికి ఇవ్వకపోవడం లాంటిదే.

లైసెన్సు నిబంధనలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, మీవి మీరు చదువుకోండి. నేనేదో చెబితే అది విని సరిపెట్టుకోవద్దు.

ఇప్పుడు ముగ్గురు ముగ్గురుగా ఈ టేబుల్ దగ్గరికి రావాలి. వేలు బయట, మూతి ఆ గోడవైపు. ఒకరు తెరిచి చూసి, ఖాళీ అని పైకి చెప్పి, పక్కవాళ్లకు తెరిచే ఇవ్వాలి. వాళ్లు మళ్లీ చూడాలి. అమ్మా, ఇంట్లో తుపాకీ ఉందన్నారు కదా, ముందు మీరు రండి. పిస్టల్‌తో మొదలుపెడదాం. ఆ, ఒక్క నిమిషం, నేను చూసే ఇస్తున్నాను అనుకోకండి, మీరు చూడండి.